పూచే మొక్కలలో పరాన్నజీవులు: బదనిక, బంగారుతీగ, మల్లె

ఫాల్గుణ, చైత్ర మాసాలలో ఇప్పచెట్టు ఆకు రాల్చి పూతకు వచ్చిన దినాలలో దానిని మొదలునుండి చిటారు కొమ్మ వరకు ఒకసారి పరిశీలించండి. కొమ్మలన్నీ బోడిగా కనిపించే ఆ సమయంలో అక్కడక్కడ దళసరి ఆకులతో పచ్చని గుబురులు నిలిచి ఉన్నట్లయితే, అవి ఆ చెట్టు ఆకులు కావు. ఆ చెట్టు కొమ్మలో వేరు దించి, ఆ చెట్టు నీటిని త్రాగుతూ బ్రతుకుతున్న మరొక మొక్క ఆకులు. తెలుగువారు దీనిని బదనిక అంటారు. హిందీ మాట్లాడే ఇరుగుపొరుగువారు బాందా అంటారు.

బీజాపూరు నుండి భోపాలపట్నం మీదుగా గోదావరి దాటి ఏటూరునాగారం వెళ్ళే దారిలో మద్దేడ్ ఉన్నది. ఒకనాటి బస్తరు జిల్లాలోనిదైన ఈ ప్రాంతం 2000 సంవత్సరంలో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో చేరి, 2007లో ఏర్పడిన బీజాపూరు జిల్లా క్రిందకు వచ్చినది. ఇక్కడ తెలుగు వినబడని పల్లె అరుదు. ఇక్కడి కుటుంబాల ఆదాయంలో పొలం పంట ఒక భాగమైతే ఇప్పపూవు, ఇప్పపలుకు, తునికాకు, సారపప్పు వంటి చెట్ల పంట మరొక భాగం. అందువలన చెట్టు కొమ్మమీది పరాన్నజీవి గాని, జొన్న వేరులోని పరాన్నజీవి గాని, విత్తనపు బస్తాలో చేరిన పరాన్నజీవి గింజ గాని నేరుగా మీ రాబడిని తాకుతుంది. రాబడిని తాకినది ఋణపు వాయిదాను కూడ తాకక మానదు. ఈ మొక్కలు ఎట్లా జీవిస్తాయో తెలిసికొన్నవారికి వాటిని ఎప్పుడు, ఎక్కడ అడ్డుకోవలెనో కూడ తెలుస్తుంది. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

పరాన్నజీవి అనగా ఏమి?

చెట్టుమీద పెరిగే ప్రతి మొక్క పరాన్నజీవి కాదు. మామిడి మానుమీద పట్టుకొని పెరిగే అడవి ఆర్కిడ్ మొక్కలు, పుట్టుపాచి, ఫెర్ను మొక్కలు చెట్టును కేవలం ఆసరాగా వాడుకొంటాయి. వాటి వేర్లు బెరడును దాటి లోపలికి పోవు. వానచినుకు, గాలిలోని తేమ, బెరడుమీద చేరిన మట్టి వాటికి చాలు. వాటివలన చెట్టుకు చెప్పుకోదగిన నష్టం లేదు.

నిజమైన పరాన్నజీవికి ఒక ప్రత్యేక అవయవం ఉంటుంది. దానిని చూషకం అంటారు. అది వేరువలె పుట్టి, ఆధారమిచ్చిన మొక్క కణజాలంలోనికి మేకువలె దిగి, దాని నీటి గొట్టాలతో, కొన్ని జాతులలో ఆహారపు గొట్టాలతో కూడ అతుకు వేసికొంటుంది. ఈ అతుకు పడిన క్షణం నుండి రెండు మొక్కల రసాలు ఒకే కాలువలో ప్రవహిస్తాయి. ఆధారమిచ్చిన మొక్కను శాస్త్రంలో ఆతిథేయి అంటారు.

ప్రపంచంలో ఇటువంటి పూచే మొక్కలు సుమారు 4,500 జాతులు ఉన్నవి. అనగా పూచే మొక్కల మొత్తంలో నూటికి ఒకటి కన్న కొంచెం ఎక్కువ. ఇవన్నీ ఒకే వంశంనుండి వచ్చినవి కావు. వృక్ష పరిణామంలో ఈ జీవన విధానం దాదాపు పన్నెండు సార్లు వేరువేరుగా పుట్టినదని శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. సుమత్రా అడవులలో మీటరు వెడల్పు పూవు పూచే రఫ్లీషియా కూడ ఒక పరాన్నజీవియే. దానికి ఆకు లేదు, కాండం లేదు. ఒక అడవి తీగ లోపల దారాలవలె జీవించి, పూచేటప్పుడు మాత్రమే బయటపడుతుంది.

రైతుకు ఉపయోగపడే విభజన రెండు విధాలు. మొదటిది, పరాన్నజీవి ఎక్కడ పట్టుకొంటుంది అన్నది: బదనిక, బంగారుతీగ కొమ్మను పట్టుకొంటాయి, మల్లె జాతులు వేరును పట్టుకొంటాయి. రెండవది, ఎంత తీసికొంటుంది అన్నది. ఆకుపచ్చగా ఉండి తన ఆహారంలో కొంత తానే తయారు చేసికొనేది పాక్షిక పరాన్నజీవి. బదనిక, జొన్నమల్లె, శ్రీచందనం ఈ కోవలోనివి. పత్రహరితం లేక సమస్తమూ ఆతిథేయి నుండియే తీసికొనేది సంపూర్ణ పరాన్నజీవి. పొగాకు మల్లె ఈ కోవలోనిది. బంగారుతీగ కూడ దాదాపు ఇదే కోవకు చెందుతుంది. కొమ్మను పట్టినది కంటికి కనబడుతుంది. వేరును పట్టినది కనబడే నాటికి నష్టం చాలవరకు జరిగిపోయి ఉంటుంది. ఈ ఒక్క భేదం మీదనే నివారణ పద్ధతులన్నీ ఆధారపడి ఉన్నవి.

బదనిక: పిట్ట నాటిన మొక్క

మన చెట్లమీద ఎక్కువగా కనిపించే బదనికకు శాస్త్రనామం డెండ్రాఫ్తో ఫాల్కేటా. పూర్వం దీనిని లోరాంథస్ అనేవారు. ఇప్ప, మామిడి, టేకు, వేప, సపోటా మొదలుకొని నాలుగు వందలకు మించిన జాతుల చెట్లమీద ఇది పెరుగుతున్నట్లు గుర్తించబడినది.

దీనిని నాటేది మనిషి కాదు, గాలి కాదు. బొటనవ్రేలంత ఉండే చిన్న పిట్ట. బదనిక పండును మ్రింగిన ఈ పిట్ట కడుపులో గింజ కొద్ది నిమిషాలకు మించి నిలవదు. గింజ చుట్టూ ఉండే జిగురు అరగదు. అందువలన బయటకు వచ్చిన గింజ పిట్టను అంటుకొని వ్రేలాడుతుంది. పిట్ట దానిని వదిలించుకొనడానికి వెనుకభాగాన్ని కొమ్మకు రాస్తుంది. అక్కడే గింజ అంటుకొని, మట్టి అవసరం లేకుండానే మొలక వేసి, బెరడులోనికి చూషకం దించుతుంది. పూవులలోని తేనెకై వచ్చే తేనెపిట్టలు దీనికి పుప్పొడిని చేరవేస్తాయి. పక్షిశాస్త్రవేత్త సలీం అలీ కొంకణ ప్రాంతంలో ఈ పిట్టలు, బదనికల సంబంధాన్ని పరిశీలించి 1931లో వివరంగా ప్రకటించారు.

దీనినుండి రైతు గ్రహించవలసిన విషయం ఒకటి ఉన్నది. గింజ పిట్ట కడుపులో నిలిచే సమయం స్వల్పం గనుక అది చాలవరకు అదే చెట్టుమీదనో, పక్క చెట్టుమీదనో పడుతుంది. కాబట్టి ఒక చెట్టుమీద ఒక గుబురు ఉన్న ఏడాది దానిని తీసివేయుట సులభం. దానిని విడిచినవారికి కొన్ని ఏళ్ళకు ఆ చెట్టంతా, ఆ గట్టంతా గుబురులే మిగులుతాయి.

బదనిక తన ఆహారాన్ని తానే వండుకొన్నా నీటిని, లవణాలను మాత్రం చెట్టునుండి తీసికొంటుంది. చెట్టు తన ఆకుల రంధ్రాలను మూసి నీటిని పొదుపు చేసే ఎండవేళలో కూడ ఇది ఆవిరిని ధారాళంగా విడుస్తూ ఉంటుంది. అందువలన గుబురుకు అవతలి కొమ్మ క్రమంగా నీరందక సన్నగిల్లి ఎండిపోతుంది. పూత, కాత తగ్గుతాయి. బలహీనపడిన కొమ్మను పురుగులు, శిలీంధ్రాలు త్వరగా పట్టుకొంటాయి.

నివారణకు కత్తికి మించిన మందు లేదు. అయితే కోసే పద్ధతి తెలియవలెను. గుబురును మాత్రమే విరిచివేసినచో కొమ్మలో మిగిలిన భాగం నుండి, బెరడు వెంబడి ప్రాకిన దాని వేర్లనుండి మరల చిగుళ్ళు వస్తాయి. కాబట్టి పట్టుకొన్న చోటుకు ఒక జానెడు దిగువన కొమ్మను కోసివేయవలెను. మాను మీదనే, లేక కోయరాని పెద్ద కొమ్మ మీద పట్టినచో గుబురును పూర్తిగా చెక్కివేసి, ప్రాకిన వేర్లను ఒలిచి, తిరిగి వచ్చే చిగుళ్ళను ఏటేటా తీసివేయుచుండవలెను. కోతకు గురియైన చోట బోర్డో పేస్టు పూయవలెను. పండ్లు పక్వం కాకముందే ఈ పని ముగించవలెను. ఇప్పపూవు ఏరే దినాలలో గుబురులు స్పష్టంగా కనబడతాయి గనుక ఆ చెట్లకు అప్పుడే సున్నపు గుర్తు పెట్టుకొన్నచో, ఆకు వచ్చిన తరువాత వెతుకులాట తప్పుతుంది. పండు పట్టని బదనిక ఆకును మేకలకు మేతగా వేయవచ్చును.

మూలికల వ్యాపారులకు ఒక హెచ్చరిక. వందాకం అనే పేరుతో ఆయుర్వేదంలో బదనికకు స్థానం ఉన్నది. కాని బదనిక జాతులు ఆతిథేయి రసంతో పాటు అందులోని పదార్థాలను కూడ గ్రహిస్తాయి. ముషిణి చెట్టుమీద పెరిగిన ఇటువంటి పరాన్న మొక్కలలో ఆ చెట్టు విషాలైన స్ట్రిక్నిన్, బ్రూసిన్ ఉన్నట్లు తేలినది. కనుక ఏ చెట్టుమీద కోసినదో తెలియని బదనికను కొనరాదు, అమ్మరాదు.

బంగారుతీగ: విత్తనపు బస్తాలో వచ్చే శత్రువు

పసుపుపచ్చని దారాల చిక్కువలె పైరును కప్పివేసే తీగ కస్క్యుటా. దీనిని మన ప్రాంతాలలో బంగారుతీగ అని, సీతమ్మ పోగునూలు అని పిలుస్తారు. హిందీలో అమర్‌బేల్. కృష్ణా, గోదావరి డెల్టాలలో వరి కోసిన మాగాణులలో వేసే మినుముకు, పశుగ్రాసపు లూసర్నుకు, బస్తరు, కొరాపుట్టు, అరకు కొండలలో వేసే వెర్రినువ్వులకు ఇది పెద్ద బెడద. వెర్రినువ్వులనే విశాఖ మన్యంలో వలిసెలు అని, హిందీలో రామ్‌తిల్ అని అంటారు.

ఈ తీగ గింజ నేలలోనే మొలుస్తుంది. మొలకకు ఆకులు లేవు, పనికివచ్చే వేరు లేదు. గింజలోని కొద్ది ఆహారంతో కొన్ని దినాలు మాత్రమే బ్రతుకగలదు. ఆ వ్యవధిలో గాలిలో చుట్టూ తిరుగుతూ ఆధారానికై వెతుకుతుంది. ఈ వెతుకులాట గుడ్డిది కాదని, మొక్కలు విడిచే వాసననుబట్టి ఇది టమాటా వంటి అనుకూలమైన మొక్క వైపు వంగుతుందని 2006లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రయోగపూర్వకంగా చూపారు. ఆధారం దొరికి చూషకాలు దిగిన వెంటనే మొదలు ఎండిపోయి నేలతో సంబంధం తెగిపోతుంది. అటు పిమ్మట జీవనమంతా పైరుమీదనే. తెగిన చిన్న ముక్క కూడ పైరును తాకితే మరల అల్లుకొంటుంది. కాబట్టి దీనిని పీకి గట్టుమీద వేయుట వలన, పక్క మడిలోనికి విసరుట వలన నష్టమే గాని లాభం లేదు.

గింజ పెంకు చాల గట్టిది. నేలలో పది సంవత్సరాలకు పైగా చెడకుండా ఉండగలదు. పశువులు తిన్నా కొన్ని గింజలు అరగక పేడలో బయటపడతాయి. అందువలన ఈ తీగ పట్టిన మేతను తిన్న పశువుల ఎరువును బాగుగా చివికిన తరువాతనే పొలానికి తోలవలెను.

దూరప్రాంతాలకు ఇది చేరేది విత్తనంతోనే. వెర్రినువ్వు గింజ సన్నగా పొడవుగా ఉంటుంది. బంగారుతీగ గింజ గుండ్రంగా, సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే ఉంటుంది. ఈ తేడా వలన సన్నని జల్లెడతో జల్లించి దానిని వేరు చేయవచ్చును. జల్లెడ క్రింద పడిన దుమ్మును పెంటకుప్పలో వేయక కాల్చివేయవలెను.

ఈ చిన్న గింజ వ్యాపారాన్ని ఎంత దూరం వెంటాడుతుందో చూడండి. మన దేశపు వెర్రినువ్వులను విదేశాలలో పెంపుడు పక్షుల మేతకు కొంటారు. ఈ తీగ గింజలు కలిసి వస్తాయన్న భయంతో అమెరికా ప్రభుత్వం, దిగుమతి అయ్యే వెర్రినువ్వులను 120 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 15 నిమిషాలు ఉంచి మొలకశక్తిని నశింపజేయవలెనని నిబంధన పెట్టినది. కలుపు గింజ లేని సరుకుకు అక్కరలేని ఖర్చు ఇది. లూసర్ను విత్తన ధ్రువీకరణలో కూడ మన దేశంలో బంగారుతీగను అభ్యంతరకరమైన కలుపుగా లెక్కిస్తారు.

పొలంలో కనబడినప్పుడు ఆ భాగంలోని పైరుతో సహా, చుట్టూ ఒక అడుగు అదనంగా కలుపుకొని, పూతకు ముందే కోసి అక్కడనే ఎండబెట్టి కాల్చివేయవలెను. నాలుగు మొక్కలకు ఆశపడినవారు నాలుగు మడులు పోగొట్టుకొంటారు. ఈ తీగ వరి, మొక్కజొన్న, జొన్న, రాగి వంటి పైర్లను పట్టి బ్రతుకజాలదు. అందువలన తెగులు తగిలిన చేలలో కొన్ని ఏళ్ళు ధాన్యపు పైర్లు వేయుట ఉత్తమం. మినుములో విత్తిన వెంటనే వాడే పెండిమిథాలిన్ వంటి కలుపుమందులు ఉన్నవి. మోతాదును, వాడే సమయాన్ని మీ వ్యవసాయాధికారి చెప్పిన మేరకు పాటించండి.

జొన్నమల్లె: కనబడేసరికే దోచుకొన్న దొంగ

జొన్నచేనులో మోకాలి ఎత్తుకు మించని చిన్న మొక్క, తెల్లని అందమైన పూలు. పేరు కూడ అందమైనదే: మల్లె. శాస్త్రనామం స్ట్రైగా. జొన్నతో పాటు సజ్జ, మొక్కజొన్న, చెరకు, అరిక వంటి గడ్డిజాతి పైర్లన్నీ దీనికి ఆహారం. ఆఫ్రికా ఖండంలో జొన్న, మొక్కజొన్న పండించే రైతులకు దీనికి మించిన కలుపు లేదు.

దీని గింజ ధూళివంటిది. మిల్లీమీటరులో నాలుగవ వంతు ఉంటుంది. ఒక్క మొక్క యాభై వేలకు పైగా గింజలు రాల్చగలదు. అవి పది సంవత్సరాలకు పైగా నేలలో నిద్రపోగలవు. ఒక లెక్క వేయండి. ఎకరం పొలంలో కేవలం నూరు మల్లె మొక్కలను గింజ రాలే వరకు విడిచినారనుకొనండి. 50 వేల చొప్పున 50 లక్షల గింజలు. ఎకరం సుమారు 4,047 చదరపు మీటర్లు గనుక ప్రతి చదరపు మీటరుకు 1,200కు పైగా గింజలు పడినట్లు. ఒక్క ఏడాది అలక్ష్యం రాబోయే పదేళ్ళ పంటమీద వేసిన అప్పు అన్నమాట.

ఇంత చిన్న గింజలో ఆహారం లేదు. జొన్న వేరుకు కొద్ది మిల్లీమీటర్ల దూరంలో మొలిస్తేనే బ్రతుకుతుంది. అందుచేత అది తొందరపడదు. ఒకటి రెండు వారాలు తడి, వెచ్చదనం తగిలిన పిమ్మట, పక్కన బ్రతికియున్న వేరు ఉన్నదని తెలిపే రసాయన సంకేతం అందినప్పుడే మొలుస్తుంది. ఆ సంకేతాన్ని 1966లో అమెరికాలో ప్రత్తివేర్ల స్రావం నుండి వేరుచేసి స్ట్రైగాల్ అని పేరు పెట్టారు. పైరు తనకు శత్రువైన గింజను తానే ఎందుకు లేపుతున్నది అన్న ప్రశ్నకు సమాధానం నలభై ఏళ్ళకు దొరికినది. నేలలో భాస్వరం కొరవడినప్పుడు, వేరుకు భాస్వరం తెచ్చియిచ్చే మేలైన శిలీంధ్రాలను పిలుచుటకై మొక్క ఈ పదార్థాన్ని విడుస్తుందని 2005లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. ఆ పిలుపును మల్లె గింజ చాటునుండి వింటున్నదన్నమాట.

నిస్సారమైన నేలలో మల్లె ఎక్కువ అని పెద్దలు చెప్పే మాటకు శాస్త్రపు ఆధారం ఇదే. ఆకలిగొన్న పైరు ఎక్కువగా పిలుస్తుంది, మల్లె ఎక్కువగా మొలుస్తుంది. పశువుల ఎరువు, తగిన నత్రజని, భాస్వరం అందిన పైరు తక్కువగా పిలుస్తుంది. కనుక ఎరువు పైరుకు బలం మాత్రమే కాదు, మల్లెకు అడ్డుకట్ట కూడ.

మొలిచిన మల్లె నాలుగు నుండి ఏడు వారాలు నేలలోపలనే ఉండి పైరు రసాన్ని త్రాగుతుంది. నేలలో తడి ఉండగానే జొన్న వాడుట, ఎదుగుదల లేక గిడసబారుట, ఆకులు మాడుట ఈ దశలో కనిపిస్తాయి. చాలమంది దీనిని నీటియెద్దడి అని, వేరుపురుగు అని భ్రమపడి అక్కరలేని మందులు కొంటారు. అటువంటి మొక్కను మట్టిగడ్డతో సహా త్రవ్వి, వేర్లను నీటిలో మెల్లగా కడిగి చూడండి. తెల్లని మొలకలు వేరును పట్టుకొని ఉన్నట్లయితే కారణం మల్లెయే.

పైకి వచ్చిన మల్లెను పీకుట ఈ ఏటి పంటకు పెద్దగా మేలు చేయదు. అయినను పూతకు ముందే పీకవలెను. అది రాబోయే సంవత్సరాల పంటకు చేసే రక్షణ. పూచిన తరువాత పీకినవాటిని సంచిలో వేసి పొలం బయటకు తెచ్చి కాల్చివేయండి.

గింజను మొలిపించి, ఆహారం దొరకకుండా చంపుట మరొక ఉపాయం. ప్రత్తి, వేరుశనగ, అలసంద, ప్రొద్దుతిరుగుడు వేర్లు మల్లె గింజను లేపుతాయి గాని దానికి ఆహారం కావు. మొలిచిన మల్లె ఆకలితో చస్తుంది. వీటినే ఎరపైర్లు అంటారు. జొన్నను ఈ పైర్లతో మార్పిడి చేయుట, జొన్న వరుసల నడుమ అలసంద వేయుట ఖర్చు లేని వైద్యం. కెన్యా దేశంలో మొక్కజొన్న నడుమ డెస్మోడియం అనే పప్పుజాతి పశుగ్రాసం వేసి చిన్న రైతులు మల్లెను అదుపు చేసికొన్నారు. పటాన్‌చెరువులో 1972లో స్థాపించబడిన ఇక్రిశాట్ సంస్థ మల్లెను తట్టుకొనే జొన్న రకాలపై కృషి చేసినది. ఇథియోపియాలో పుట్టిన గెబిసా ఎజెటా అటువంటి జొన్న రకాలను రూపొందించినందుకు 2009లో ప్రపంచ ఆహార బహుమతి పొందారు.

అమెరికాలోని కరొలైనా రాష్ట్రాలలో 1956లో ఈ మల్లె కనబడినది. నాలుగు లక్షల ఎకరాలకు పైగా అంటుకొన్న ఈ కలుపును ఆ ప్రభుత్వం దశాబ్దాల తరబడి కృషి చేసి కొద్ది వేల ఎకరాలకు కుదించినది. నేలలోనికి ఇథిలీన్ వాయువును పంపి గింజలను మొలిపించి చంపుట, ట్రాక్టర్లను, పనిముట్లను కడగనిదే పొలం దాటనీయకుండుట అందులో ముఖ్యమైనవి. వాయువు మనకు అందుబాటులో లేకున్నా కడిగిన నాగలి, కడిగిన ట్రాక్టరు చక్రం అందరికీ అందుబాటులో ఉన్నవే. జొన్నలో మల్లెకు 2,4-డి మందు చల్లే పద్ధతి ఉన్నది. అయితే గాలికి ఆ మందు ప్రత్తి, మిరప, పప్పుజాతి పైర్లమీద పడినచో అవి ముడుచుకొని చెడిపోతాయి. పొరుగు పొలం చూడక దీనిని చల్లరాదు.

పొగాకు మల్లె

పొగాకు, వంగ, టమాటా వేర్లను పట్టే మల్లె వేరొక జాతి. దాని శాస్త్రనామం ఒరబాంకి. కొందరు బోడు అని కూడ అంటారు. ఆకుపచ్చదనం ఏ మాత్రం లేని లేత కాడలు, ఊదారంగు పూలతో గుంపులుగా పైరు మొదట లేస్తాయి. ఇది సంపూర్ణ పరాన్నజీవి. దీని గింజలు కూడ ధూళివంటివే, దీర్ఘకాలం నిలిచేవే. రాజమండ్రిలో 1947లో నెలకొల్పిన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ దీనిపై విశేషంగా పరిశోధించినది. పూతకు ముందే కాడలను మొదలంటా తీసి కాల్చుట, జొన్న, నువ్వు, మినుము, పెసర వంటి ఎరపైర్లతో మార్పిడి చేయుట దీనికి తగిన మార్గాలు. ఇక్కడ జొన్న వైద్యం కాగా, ముందు చెప్పిన మల్లెకు జొన్నయే ఆహారం. అందుచేత పొలంలో ఉన్నది ఏ మల్లెయో నిర్ణయించుకొనకుండా పైరుమార్పిడి చేయరాదు.

శ్రీచందనం: అప్పు ఇచ్చి పెంచే పరాన్నజీవి

పరాన్నజీవులన్నీ శత్రువులు కావు. శ్రీచందనం కూడ వేరు పరాన్నజీవియే. ఈ సంగతిని 1871లో కలకత్తాలో జాన్ స్కాట్ గుర్తించారు. చందనం పచ్చని ఆకులతో ఆహారం తయారు చేసికొన్నా, పొరుగు మొక్కల వేర్లనుండి నీటిని, లవణాలను తీసికొననిదే ఏపుగా పెరగదు.

ఇటీవలి కాలంలో చందనపు తోటలకు అనేకులు ఋణం కోరుతున్నారు. అట్టివారు ముందుగా ఈ సంగతి తెలిసికొనవలెను. చందనాన్ని ఒంటరిగా నాటిన తోట నిలవదు. నారు సంచిలోనే కంది వంటి తోడు మొక్క ఉండవలెను. పొలంలో నాటిన తరువాత సరుగుడు, కానుగ వంటి దీర్ఘకాలపు తోడు చెట్లు దగ్గరలో ఉండవలెను. తోడు చెట్ల ఖర్చు, వాటి నీటి ఖర్చు లేని ప్రాజెక్టు నివేదిక అసంపూర్ణమైనది. చేవ పట్టుటకు పది పదిహేను సంవత్సరాలు, అంతకు మించి కూడ పడుతుంది. అంతవరకు వాయిదాలు ఏ రాబడినుండి కట్టగలరో ముందే లెక్క చూసికొనండి. చందనం నరుకుటకు, రవాణాకు అటవీశాఖ నిబంధనలు ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క విధంగా ఉన్నవి. కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో పెంచినవారికే హక్కు ఇచ్చుచు తమ చట్టాలను సవరించుకొన్నవి. మీ రాష్ట్రపు నిబంధనను అటవీ కార్యాలయంలో వ్రాతపూర్వకంగా తెలిసికొనిన తరువాతనే మొక్క నాటండి.

అడవిలో వీటి స్థానం

బదనిక చెడ్డదన్నారు గదా, అడవిలోని బదనికలన్నిటిని నరికివేయవచ్చునా అని కొందరు అడుగవచ్చును. అది తగదు. ఎండాకాలంలో తేనె, పండు కరువైనప్పుడు బదనిక అనేక పక్షులను పోషిస్తుంది. కొన్ని జాతుల సీతాకోక చిలుకల గొంగళి పురుగులు దీని ఆకులే తింటాయి. రాలిన దీని ఆకు నేలకు ఎరువు అవుతుంది. ఆస్ట్రేలియాలో కొన్ని అడవి ముక్కలలో బదనిక జాతులను పూర్తిగా తొలగించి చూడగా, మూడేళ్ళలో అక్కడి పక్షి జాతులు సుమారు ఐదవ వంతు తగ్గినట్లు 2012లో ప్రకటించారు. పురుగులను తిని పంటను కాపాడేవి ఆ పక్షులే. పైగా ఇంద్రావతి జాతీయ ఉద్యానం వంటి రక్షిత అడవులలో కొమ్మ కోయుట చట్టవిరుద్ధం కూడ. రాబడి ఇచ్చే మీ సొంత చెట్టు వరకే కత్తిని పరిమితం చేయండి.

ఋణగ్రహీతలకు, డీలర్లకు

పరాన్నజీవి కలుపు వలన పంట తగ్గినప్పుడు భీమా వస్తుందని నమ్ముకొనరాదు. 2016 నుండి అమలులో ఉన్న ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకంలో దిగుబడి నష్టాన్ని సాధారణంగా గ్రామం లేక పంచాయతీ యూనిట్ సగటుమీద లెక్కిస్తారు. ఒక్కరి పొలంలో మల్లె లేచి దిగుబడి పోయినా యూనిట్ సగటు తగ్గనిచో పరిహారం రాదు. కిసాన్ క్రెడిట్ కార్డుమీద తీసికొన్న సొమ్ములో కలుపుతీతకు, శుభ్రమైన విత్తనానికి ముందుగానే కొంత కేటాయించుకొనుట దీనికి సరియైన భీమా.

విత్తన డీలర్లు తమ సరుకును జల్లించి, గింజల నమూనాను భూతద్దంతో చూసి అమ్మవలెను. మల్లె పూచిన చేలనుండి వచ్చిన ధాన్యాన్ని విత్తనంగా అమ్మరాదు. రైతు కొనేటప్పుడు రసీదు, లాట్ నంబరు తప్పక తీసికొని పంట ఇల్లు చేరే వరకు భద్రపరచవలెను. కలుపు గింజ కలిసిన బస్తా ఒక్కటి ఒక రైతు పొలాన్ని పదేళ్ళు పాడు చేయగలదు. ఆ రైతు వాయిదా తప్పినప్పుడు అతనికి ఎరువు అరువు ఇచ్చిన డీలరు బాకీ కూడ ఆగిపోతుంది.

సంవత్సరంలో చేయవలసిన పనులను ఈ విధంగా గుర్తుంచుకొనండి.

ఫాల్గుణ, చైత్రాలు: ఇప్ప, మామిడి చెట్లలో బదనికను గుర్తించుట, పండు పక్వం కాకముందే జానెడు దిగువన కొమ్మ కోయుట.

జ్యేష్ఠం: విత్తనం జల్లించుట, చివికిన ఎరువు మాత్రమే తోలుట, అరువు తెచ్చిన పనిముట్లను కడిగిన తరువాతనే పొలంలో దింపుట.

శ్రావణ, భాద్రపదాలు: తడి ఉన్నా వాడిన జొన్న మొక్క వేర్లను కడిగి చూచుట, మల్లెను పూతకు ముందే పీకుట.

ఆశ్వయుజం, కార్తికం: వెర్రినువ్వు చేలలో బంగారుతీగ పట్టిన భాగాన్ని పైరుతో సహా కోసి కాల్చుట.

కోత తరువాత: మల్లె, బంగారుతీగ కనబడిన మడులను నోటు పుస్తకంలో వ్రాసికొనుట, మరుసటి ఏడాది ఆ మడులలో పైరు మార్చుట.

పరాన్నజీవికి కాళ్ళు లేవు. దానిని పొలంనుండి పొలానికి మోసుకొనిపోయేది పిట్ట, పేడ, నాగలి, విత్తనపు బస్తా. పిట్టను మనం ఆపలేము. మిగిలిన మూడూ మన చేతిలో ఉన్నవి.